మొదటి ముద్ద

ఓవెన్ తలుపు మూసి, టైమర్‌ని గంట దాకా తిప్పి, ఆర్డిస్ దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది, లోపలున్నది లేచి పారిపోతుందేమో అన్నట్టు. ఇక తను చేయాల్సిందేమీ లేదు, మిగతాది వేడి చూసుకుంటుంది. గాజు పళ్ళెంలో అడుగున ఉల్లిపాయలతో వేయించిన మాంసం, దాని మీద పుట్టగొడుగుల సూప్ డబ్బా ఒకటి, ఆ పైన వరసగా పేర్చిన ఆలూ ముక్కలు. ఈ మినెసోటాలో ఎవరింట్లో ఎవరు పోయినా సాయంత్రానికల్లా ఆ గుమ్మంలోకి చేరే హాట్‌డిష్ ఇదే. ఎవరు చూసినా అనుమానం రాదు. ఆ మాంసం ఏ డబ్బాలోంచి వచ్చిందో పైకి తెలియదు, సూప్ కింద ఏం పెట్టినా అది నోరు మూసుకుని కప్పేస్తుంది, దాని గొప్పతనమే అది. ఆ మాంసం ఫిన్‌ది. ఫిన్ అంటే ఇప్పుడు బల్ల కింద పడుకుని గురక పెడుతున్న ముసలి కుక్క. దాని తిండి డబ్బాలూ సూప్ డబ్బాలూ అలమరలో పక్కపక్కనే ఉంటాయి, ఒకే ఎత్తు, ఒకే లావు. ఇవాళ పొద్దున చర్చి నుంచి ఫోన్ వచ్చింది, వెనక సందు లవాన్ మొగుడు డ్వేన్ పోయాడట, వాకిట్లో మంచు తోస్తూ పార పట్టుకునే కూలబడ్డాడట. "అయ్యో, ఎప్పుడు, పాపం లవాన్" అని ఎంత అనాలో అంతా అని, ఫోన్ పెట్టేసి, అలమర తెరిచింది. సూప్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్క డబ్బా కూడా తీసింది. పొరపాటున కాదు.

విషమేం కాదు కదా. ఫిన్ రోజూ తిని బతుకుతూనే ఉంది, దాని బొచ్చు తన జుట్టు కన్నా నిగనిగలాడుతోంది. ఉప్పూ ఉల్లిపాయా మిరియాలూ పడ్డాక వేలితో నాకి చూసింది, బాగానే ఉంది, ఆ బాగుండటానికే కాస్త భయం వేసింది. లవాన్‌కి కడుపునొప్పి రావాలని తనకేం లేదు. లవాన్ తినాలి. తిని, పళ్ళెం కడిగి తుడిచి, ఏదో ఒక ఆదివారం చర్చి మెట్ల మీద తన చేతికిచ్చి, ఆ పల్చటి నవ్వు నవ్వి, "చాలా బాగుంది, ఆర్డిస్" అనాలి. అప్పుడు తను అనాల్సిన మాట సిద్ధంగా ఉంది. "మా కుక్కకీ అదే ఇష్టం." అంతే, గొంతు పెంచదు, ఇంకో మాట అనదు, పళ్ళెం చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోతుంది. అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ, నిద్ర పట్టక మొగుడు ఆర్విడ్ పక్కన పడుకుని, తరవాత ఆర్విడ్ లేని మంచం మీద పడుకుని, పదకొండేళ్ళుగా అనాల్సిన మాటని నోట్లో వేసుకుని చప్పరిస్తూనే ఉంది. మొదట్లో అది చాలా పొడుగ్గా ఉండేది, తిట్లుండేవి, దేవుడుండేవాడు, పిల్లల పేర్లుండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ రాలిపోయి చివరికి ఈ కాస్త మిగిలింది, ఇంకేం తీసేయడానికి లేనంత చిన్నదైంది.

కిటికీలోంచి చూస్తే వెనక సందు, సందుకి అవతల లవాన్ వాళ్ళ వెనక మెట్లు. ఆ మెట్లని చూడకుండా ఉండాలంటే ఈ ఇంట్లో అంట్లు తోమడం మానెయ్యాలి. ఇవాళ ఆ మెట్ల మీద మంచు ఎవరూ తోయలేదు, తోసేవాడు పోయాడు కదా, వాకిట్లోకి కార్లు వస్తున్నాయి, తలకి స్కార్ఫులు కట్టుకున్న ఆడవాళ్ళు ఫాయిల్ కప్పిన పళ్ళేలు రెండు చేతులా పట్టుకుని, కాలు జారకుండా పెంగ్విన్ల నడక నడుస్తూ లోపలికి వెళ్తున్నారు. అది కాథీ కారు, ఆమె తెచ్చేది ఎప్పుడూ హామ్ పెట్టిన బన్నులే. అది పాస్టరు భార్య, ఆమెకి వంట రాదు, జెల్లీ తెస్తుంది, అందులో తురిమిన క్యారెట్ వేస్తుంది, ఎందుకు వేస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఇంతమంది వస్తున్నారే లవాన్ ఇంటికి. అంతా మరిచిపోయారే. సమ్మె మరిచిపోయారు, గేటు మరిచిపోయారు, ఆ చలికాలం మొత్తం మరిచిపోయారు, నిన్నటిదాకా డ్వేన్‌తో కలిసి చేపలు కూడా పట్టారు. ఊరికి జ్ఞాపకం లేదు, ఊరికి నోరు మాత్రమే ఉంది. నాకుంది జ్ఞాపకం, అనుకుంది ఆర్డిస్, ఎవరో ఒకరికి ఉండాలి కదా, లేకపోతే జరిగింది జరగనట్టే అయిపోతుంది.

ఆ చలికాలం పందిమాంసం ఫ్యాక్టరీలో సమ్మె. ఆర్విడ్ గేటు దగ్గర పీపాలో మంట వేసుకుని చేతులు కాచుకుంటూ నిలబడేవాడు, మీసాల మీద ఊపిరి గడ్డకట్టేది. ఇంట్లో కారిన్, టాడ్, ఇద్దరూ తిండి తినే వయసులో ఉన్న పిల్లలు. యూనియన్ వాళ్ళు వారానికో అట్టపెట్టె ఇచ్చేవాళ్ళు, ఎవరెవరో దానమిచ్చిన డబ్బాలు అందులో ఉండేవి, సెలెరీ సూప్ ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అదే ఎక్కువ ఉండేది. ఆ డబ్బాల దగ్గరే తను చదువుకుంది అసలు చదువు. డబ్బా అడుగు తడితే సూప్ జారి, డబ్బా ఆకారంలోనే గీతలతో సహా పళ్ళెంలో నిలబడుతుంది, చూసేవాళ్ళకి అది సూప్, తనకి అది రెండు పూటలు. సగం ఇవాళ నూడుల్స్‌లోకి, సగం రేపు మధ్యాహ్నం నీళ్ళు పోసి బంగాళాదుంపతో. ఖాళీ డబ్బాలో పొడిపాలు కలిపిన నీళ్ళు పోసి, చెయ్యి అడ్డం పెట్టి గిలక్కొట్టి ఆ కడుగు కూడా పొయ్యాలి, డబ్బా గోడలకి అంటుకున్నది కూడా ఒక ముద్ద. మాంసంలో ఓట్స్ కలిపితే మాంసం పెరుగుతుంది. పైన చల్లడానికి చిప్స్ లేకపోతే ఎండిన రొట్టె అంచులు నలిపితే అవే కరకరలాడతాయి. కారిన్ పుట్టినరోజుకి టమాటా సూప్ పోసి, దాల్చినచెక్క పొడీ లవంగం పొడీ ఎక్కువ వేసి కేకు చేసింది. పిల్ల కళ్ళు మూసుకుని తింటూ, "ఇందులో ఏం వేశావమ్మా?" అంటే, "నీ వయసు వేశాను" అంది. ఆ రోజు తను నవ్విన నవ్వు తనకింకా గుర్తుంది. అలా నవ్వగలిగిన మనిషిని లవాన్ ఏం చేసిందో చూడు, అనుకుంది, చూడు అని ఎవరికి చెప్తోందో తెలియకుండానే.

డ్వేన్ గేటు దాటాడు. మొదటి నెల ఆర్విడ్ పక్కనే మంట దగ్గర నిలబడ్డవాడు, ఒక సోమవారం తల దించుకుని, కారు అద్దాలు ఎత్తుకుని, అందరి అరుపుల మధ్య నుంచి లోపలికి వెళ్ళి మిషను దగ్గర నిలబడ్డాడు. ఆ రాత్రి వాడి కారు మీద ఎవరో రంగు పోశారు. తరవాత వాకిట్లో మేకులు చల్లారు. తపాలా పెట్టెలో చచ్చిన ఎలక. ఎవరు చేశారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ గొడవల మధ్యలోనే లవాన్ వాళ్ళమ్మ పోయింది. ఆ పెద్దావిడే తన పెళ్ళికి దుప్పటి కుట్టిచ్చింది, తనకీ లవాన్‌కీ ఒకేసారి అల్లిక నేర్పింది. ఆ ఇంటి వైపు ఒక్క ఆడమనిషి నడవలేదు. ఈ ఊళ్ళో చావు జరిగిన ఇంట్లో ఓవెన్ చల్లగా ఉండటం, లోపలికి వచ్చే పళ్ళెం ఒక్కటీ లేకపోవడం! శవాన్ని చూడటం కన్నా అది చూడటం కష్టం. తను చూడలేకపోయింది. అలమరలో చివరి పుట్టగొడుగుల డబ్బా, ఒక ట్యూనా డబ్బా, ఫ్రీజర్లో బఠాణీలు, నూడుల్స్. మొత్తం డబ్బా వేసింది, సగం కాదు, మొత్తం. టాడ్ ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఇవాళ ఇదా!" అన్నాడు, వాడి మొహం ఎలా వెలిగిందో.

"ఇది మనకి కాదు నాన్నా. లవాన్ ఆంటీ వాళ్ళకి."

"మరి మనకేది?"

టమాటా సూప్‌లో నీళ్ళు ఎక్కువ పోసి, ఉప్పు బిస్కెట్లు నలిపి వేసి పెట్టింది. ఆర్విడ్ గేటు దగ్గర నుంచి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, ఇల్లంతా నిండిన ట్యూనా వాసన పీల్చి, తన గిన్నెలోకి చూసుకుని, "ఎవరికి వెళ్ళింది?" అన్నాడు. "వాళ్ళమ్మ పోయింది, ఆర్విడ్." "తినేది డ్వేన్ కదా." అంతే అన్నాడు, సూప్ తాగాడు, చెంచా కడిగి పెట్టాడు, రాత్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ తను అనుకుంది, పోనీలే, నేను చేసింది తప్పు కాదు, చావు దగ్గర గేట్లు లేవు. అలా అనుకున్నందుకు తన మీద తనకి ఎంత గౌరవం కలిగిందో, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఒక పళ్ళెం నూడుల్స్ మోసుకెళ్ళి మహాత్మురాలైపోయాననుకుంది పిచ్చిది.

మర్నాడు పొద్దున ఈ కిటికీలోంచే చూసింది. తన పళ్ళెం. అడుగున తన పేరు టేపు మీద రాసి అంటించి ఉన్న పళ్ళెం, లవాన్ వాళ్ళ వెనక మెట్ల మీద, ఫాయిల్ సగం చింపి, అంచు దాకా నిండుగా, పైన నలిపి చల్లిన రొట్టె అంచులు కూడా చెదరకుండా. చూస్తుండగానే అందులో వాళ్ళ నల్ల కుక్క డ్యూక్ మూతి పెట్టి చెవుల దాకా దిగిపోయి తింటోంది. డ్వేన్ పక్కనే జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి చూస్తున్నాడు. లవాన్ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తోంది. ఇద్దరూ, సినిమా చూస్తున్నట్టు. ఆర్డిస్ చేతిలో సబ్బు నురగ, చేతులు అలాగే నీళ్ళలో ఉండిపోయాయి, నీళ్ళు చల్లారిపోయేదాకా ఉండిపోయాయి. డ్వేన్ లోపలికి పోయాడు. లవాన్ పోలేదు. కోటు వేసుకుని వచ్చి మెట్ల మీద కూర్చుని, ఆ గడ్డకట్టే చలిలో, కుక్క మెడ నిమురుతూ కూర్చుంది, ఎంతసేపో, తను ఎప్పుడు తొంగిచూసినా అక్కడే ఉంది. బాగా తిన్నావమ్మా అని ముద్దు చేస్తోంది. నా బిడ్డ ముక్కు ఆనించి చూసిన తిండి అది. లోపల ఏదో తాడు తెగినట్టయింది, అది మళ్ళీ కలవలేదు, కలపడానికి తను ఎప్పుడూ ప్రయత్నించలేదు, తెగిన కొస పట్టుకునే ఇన్నేళ్ళూ నడిచింది.

ఆదివారం చర్చి మెట్ల మీద లవాన్ పళ్ళెం తెచ్చిచ్చింది, తళతళా కడిగి. "చాలా బాగుంది, ఆర్డిస్." ఎంత ధైర్యం! కళ్ళలోకి చూసి మరీ అంది. తను ఏమంది? "సంతోషం" అంది. ఈ ఊళ్ళో ఎవరైనా అంతే అంటారు. ఇంటికి నిప్పంటుకున్నా, "ఇవాళ కాస్త వెచ్చగా ఉంది" అంటారు ఇక్కడి జనం, అడగరు, అరవరు, ఎందుకిలా చేశావని కాలర్ పట్టుకోరు. ఒకరి కాఫీ కప్పు ఒకరు నింపుకుంటూ లోపల కత్తులు నూరుకుంటారు. సమ్మె ఓడిపోయింది, ఆర్విడ్‌ని మళ్ళీ తీసుకోలేదు, దూరపు ఊళ్ళకి లారీ తోలి తోలి నడుం విరిగి మూడు చలికాలాల క్రితం పోయాడు. అన్నేళ్ళూ తనూ లవానూ చర్చి కింది గదిలో పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగారు. చలి గురించి మాట్లాడుకున్నారు. లవాన్ కప్పులో తను పోసే కాఫీ ఎప్పుడూ కూజా అడుగున మిగిలిన చేదు కాఫీయే, లవాన్ ఎప్పుడూ తాగేసేది, దానికీ కోపం వచ్చేది, కనీసం మొహం అయినా చిట్లించదేం! ఆర్విడ్ పోయినప్పుడు లవాన్ తెచ్చిన హాట్‌డిష్‌ని తను ఒక్క చెంచా కూడా నోట పెట్టకుండా వెనక వాకిట్లో మంచులో గుంట తీసి పాతిపెట్టింది. భర్త పోయిన మనిషి ఆ చలిలో పార పట్టుకుని తిండి పాతిపెడుతోంది, తలుచుకుంటే నవ్వొస్తుంది, కానీ లవాన్ అది చూడలేదు. ఎదుటిమనిషి చూడని పగ ఏం పగ? వసంతంలో మంచు కరిగాక కాకులు తిన్నాయి. పళ్ళెం కడిగి ఇచ్చి, "చాలా బాగుంది, లవాన్" అంది తను కూడా. లవాన్ మొహం ఎర్రబడింది, ఎందుకో తనకి అర్థం కాలేదు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, నటన అనుకుంది.

వాసన మొదలైంది. ఉల్లిపాయ, మిరియాలు, సూప్ ఉడికి అంచుల దగ్గర మాడే వాసన, అన్నిటి కిందనుంచీ ఇంకో వాసన, అది ఎవరికీ తెలియదు, తనకీ ఫిన్‌కీ తప్ప. ఫిన్ లేచింది, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి ఓవెన్ ముందు కూర్చుంది, అద్దానికి ముక్కు ఆనించింది. అక్కడ ముక్కు ఆనించకు. ఫో. కదలదు. "నీది కాదు" అంది ఆర్డిస్ పైకే, ఆ మాట తన నోట్లోంచి వచ్చాక టాడ్ మొహం గుర్తొచ్చింది. లవాన్ కూతురు రెనే పిల్లలతో వచ్చి ఉంటుంది, పొద్దున ఆ కారు చూసింది. పిల్లలు తింటారా? తినరు, పిల్లలు తీపి ముక్కలే తింటారు, మాంసం చూస్తే మొహం తిప్పుకుంటారు. తిన్నా ఏమవుతుంది? ఏమీ కాదు. టాడ్‌కి ఏమైంది ఆ రోజు, ఉప్పు బిస్కెట్లు తిని పడుకున్నాడు, చచ్చిపోయాడా? పెద్దవాడయ్యాడు, దూరంగా ఉన్నాడు, ట్యూనా ముట్టడు. లేదు, మెత్తబడకు ఆర్డిస్, నువ్వు మెత్తబడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు నిన్ను కుక్క ముందు పెట్టారు. ఆలూ ముక్కలు బంగారు రంగుకి తిరుగుతున్నాయి. ఎంత అందంగా ఉందో. ఇంత శ్రద్ధగా తను ఏ హాట్‌డిష్‌నీ చేయలేదు, ఆర్విడ్ పుట్టినరోజుకి కూడా.

గోడ మీద ఫోన్ మోగింది. చర్చి వాళ్ళై ఉంటారు, ఖననం రోజు భోజనాలకి ఎవరు కాఫీ పెట్టాలో అడగడానికి.

"ఆర్డిస్? నేనే. లవాన్‌ని."

ఫోన్ తీగ వేలికి చుట్టుకుంది ఆర్డిస్. "ఆఁ లవాన్. విన్నాను. ఏం చెప్పను, పాపం."

"చలి బాగా దిగింది కదూ."

"అవును. గాలి కూడా."

"ఇల్లంతా పళ్ళేలే. ఎక్కడ పెట్టాలో తెలియట్లా. మెట్ల మీద మంచులో కూడా పెట్టా." ఊపిరి వినిపించింది. "నువ్వూ ఏదో తెస్తావుగా?"

"ఓవెన్లో ఉంది."

"అనుకున్నా. అందుకే ఫోన్ చేశా. నువ్వు వచ్చేలోపల ఒక మాట చెప్పాలి. ఆయనుండగా చెప్పలేకపోయా, చెప్తే ఆయన పరువు పోద్ది. రేపటి నుంచి అందరూ ఆయన్ని మంచోడు మంచోడు అంటుంటే ఇంక అసలే చెప్పలేను. అమ్మ పోయినప్పుడు నువ్వొక్కదానివే తెచ్చావు. అది మేం తినలేదు, ఆర్డిస్."

"తెలుసు."

అంది. అనేసింది. ఇన్నేళ్ళ తరవాత తన నోట్లోంచి వచ్చింది ఇంత చిన్న మాట, తను చప్పరించి దాచుకున్న మాట కూడా కాదు.

"చూశావా?" అంది లవాన్.

"కిటికీలోంచి."

"అయ్యో దేవుడా." వెనక ఎక్కడో పిల్లలు పరుగెత్తుతున్న చప్పుడు. "ఆయన తిననివ్వలేదు. అందులో ఏదో కలిపుంటారన్నాడు. సమ్మెవాళ్ళ ఇంటి తిండి, ముందు కుక్కకి పెట్టు, బతికితే చూద్దాం అన్నాడు. నేను చెప్పాను, ఆర్డిస్ చెయ్యదు అని. ఎవరైనా చేస్తారేమో గానీ ఆర్డిస్ మాత్రం చెయ్యదు అన్నా. నా మాట వింటేగా! కుక్క మొత్తం తినేసింది. దానికేమన్నా అవుద్దేమోనని సాయంత్రం దాకా దాని మెడ పట్టుకుని కూర్చున్నా. దానికి పోయేకాలం, కులాసాగా ఉంది. అప్పటికి పళ్ళెంలో ఏం మిగల్లేదు. మూలల్లో మాడి అంటుకుపోయిన నూడుల్స్ ఉన్నాయి. చీకట్లో అవి గోకి తిన్నా. బాగుంది అన్నది అబద్ధం కాదు, ఆర్డిస్. ఆ వారమంతా నేను సరిగ్గా తిన్నది అదే."

ఓవెన్ అద్దంలో ఆలూ ముక్కలు బుడగలు కక్కుతున్నాయి.

"మీ పిల్లల నోటి దగ్గర్నుంచి తీసి ఇచ్చావని నాకు తెలుసు" అంది లవాన్. "ఇప్పుడు కుక్క కూడా లేదు, ఆయనా లేడు. ఇవాళ నీది వస్తే నేనే ముందు తింటా. అందరి ముందు. రా, సరేనా?"

"వస్తాను" అంది ఆర్డిస్, ఫోన్ పెట్టేసింది.

ముందు వచ్చింది జాలి కాదు. కోపం. ఎవరిచ్చారు నీకు ఈ హక్కు, పదకొండేళ్ళు నేను పెంచి పెద్దచేసుకున్నదాన్ని ఒక్క ఫోన్‌తో ఎత్తుకుపోవడానికి? ముందే చెప్పొచ్చుగా, సందు దాటి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతూ, ఆ చేదు కాఫీ మింగుతూ ఒక్కసారి నోరు విప్పొచ్చుగా! నేను అడిగానా, నేనూ అడగలేదు. మూలలు గోకి తిందట. కుక్క నాకిన పళ్ళెం మూలలు. ఆ మెట్ల మీద మెడ నిమురుతూ కూర్చున్నదాన్ని ఇన్నేళ్ళు ఈ కిటికీలోంచి చూసి చూసి, చూసింది ఒకటి, జరిగింది ఇంకొకటి. మరి నేను ఎవర్ని ద్వేషించినట్టు? ద్వేషించాల్సింది డ్వేన్ని. వాడిని ద్వేషించడం తక్కువైంది, వాడి మీద ఖర్చుపెట్టాల్సిందంతా లవాన్ మీద ఖర్చుపెట్టేసింది, ఇప్పుడు వాడు పోయి హాయిగా పడుకున్నాడు. ఆర్డిస్ వంటలో ఏదో కలిపింది, అన్నాడు. కలపలేదురా వెధవా. కలపలేదు. కలపలేదు, అని లోపల అరుస్తూ ఓవెన్ అద్దంలోకి చూసింది, అక్కడ అది ఉంది. కలిపింది. వాడు అన్నదే. ముందు కుక్కకి పెట్టి చూడాల్సినదే ఇది. డ్వేన్ తప్పు ఊహించలేదు, కాస్త తొందరపడ్డాడు, అంతే. లవాన్ ఆర్డిస్ చెయ్యదని ఒట్టు వేసినంత పని చేసి ఓడిపోయింది, ఇవాళ తను ఈ పళ్ళెం పట్టుకుని సందు దాటితే గెలిచేది వాడు, శవపెట్టెలో పడుకుని గెలుస్తాడు. జీవితమంతా గేటు దాటి గెలిచినవాడు చచ్చాక కూడా నా చేతి వంటతో గెలుస్తాడా?

టైమర్ గంట కొట్టింది. ఆర్డిస్ ఉలిక్కిపడింది, ఫిన్ తోక ఊపింది. లేచి ముందుగా కిటికీ తెర లాగింది, ఈసారి ఆ ఇంట్లోంచి ఎవరూ చూడకూడదు. తరవాత ఓవెన్ తెరిచి, పళ్ళెం బయటికి తీసి, పొయ్యి మీద పెట్టి ఒక్క క్షణం చూసింది. చెక్కుచెదరని వరసలు. చెంచా తీసుకుని మధ్యలో పొడిచింది. ఫిన్ గిన్నెలోకి కొంత తోడి చల్లారబెట్టింది, మిగతాది ఓ డబ్బాలోకి గోకింది, వారం రోజులు దీని పంట పండింది అనుకుంటూ. ఫిన్ తింటుంటే పక్కనే నిలబడి చూసింది, చేతులు కట్టుకుని. తను ఎలా నిలబడిందో తనకే తెలిసి చేతులు విప్పేసింది. మరిగే నీళ్ళు పోసి పళ్ళెం తోమింది, మూలలు తోమింది, గోరు పెట్టి తోమింది, చేతులు ఎర్రబడేదాకా తోమింది. అడుగున టేపు తడిసి ఊడిపోతే కొత్త టేపు చింపి తన పేరు పెద్ద అక్షరాలతో రాసి అంటించింది.

ట్యూనా ఉంది, బఠాణీలున్నాయి, నూడుల్స్ ఉన్నాయి. పుట్టగొడుగుల సూప్ ఒక్క డబ్బా. మూత తీసి అడుగు తట్టింది, అది మెల్లగా జారి డబ్బా ఆకారంలో పళ్ళెంలో నిలబడింది. సగం కాదు, మొత్తం. డబ్బాలో పాలు పోసి గిలక్కొట్టి ఆ కడుగు కూడా పోసింది, అలవాటు పోదు. రొట్టె అంచులు నలిపి చల్లుతుంటే వేళ్ళ మధ్య అవి చేసే చప్పుడు ఆ రోజు చప్పుడే. ఓవెన్లో పెట్టి, టైమర్ తిప్పి, నోట్లో అలవాటుగా ఆ పాత మాటని వెతుక్కుంది. అది లేదు. దాని చోట ఇంకోటి తయారవుతోంది. ఫోన్ తీసి నంబరు తిప్పింది.

"లవాన్, ఇంకో గంట పడుతుంది. మొదటిది పాడైంది."

"పర్లేదు. నేనెక్కడికి పోతాను."

"ట్యూనాది తెస్తున్నా. నేను తెచ్చాక మూత ఇంకెవరూ తియ్యొద్దు. మొదటి ముద్ద నువ్వు తినేది కాదు. నేను తింటా. అందరూ చూస్తుండగా, నిలబడి."

"ఎందుకు ఆర్డిస్, నాకు తెలియదా..."

"నీకు తెలుసు. నీ కోసం కాదు." గొంతు పెంచలేదు, ఎప్పుడూ అనుకున్నట్టే. "చర్చికని డ్వేన్ ఫోటో తీసిపెట్టి ఉంటారుగా. అది బల్ల మీద పెట్టు. నా పళ్ళెం ఎదురుగా. చూడనీ."

లవాన్ వైపు నుంచి పిల్లల పరుగులు, ఎవరో గిన్నె దించిన చప్పుడు.

"పెడతాను" అంది లవాన్.